రాత్రే సిద్ధం చేసుకునే ఆకు మసాలా ఆలుగడ్డ

పొద్దున అయిదు గంటలు. వాకిలి ఊడ్వాలి. నీళ్ళు పట్టాలి. పొయ్యి వెలిగించాలి. పిల్లల్ని లేపాలి. ఏడు గంటలకల్లా పత్తి ఏరడానికి పోయే ఆటో వచ్చేస్తుంది. ఈలోగా అన్నం, కూర అయిపోవాలి. డబ్బాలు కట్టాలి. ఆ రెండు గంటల్లో ఆడవాళ్ళకు నాలుగు చేతులున్నా చాలవు.

రాత్రే కాస్త పని చేసి పెట్టుకుంటే పొద్దున సుఖం కదా అని చాలామంది అనుకుంటారు. నిజమే. కానీ ఏ పని రాత్రి చేసుకోవచ్చు? ఏ పని చెయ్యకూడదు? ఇది తెలియకపోతే కూర పాడవుతుంది. ఒక్కోసారి ఇంటిల్లిపాదికీ వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కూలి పోతుంది. ఆస్పత్రి ఖర్చు మీద పడుతుంది.

ఆకు మసాలా పట్టించిన ఆలుగడ్డ కూరనే చూద్దాం. కొత్తిమీర, పుదీనా, పచ్చిమిరప, అల్లం, వెల్లుల్లి కలిపి ముద్ద నూరి, ఉడికిన ఆలుగడ్డ ముక్కలకు పట్టించడమే ఈ కూర. రాత్రి పట్టించి పెడితే పొద్దున పది నిమిషాల్లో వేగిపోతుంది. అన్నంలోకీ బాగుంటుంది, రొట్టెలోకీ బాగుంటుంది.

ఆలుగడ్డకు మన దగ్గర చాలా పేర్లున్నాయి. తెలంగాణలో ఆలుగడ్డ అంటారు. కోస్తాలో బంగాళాదుంప అంటారు. రాయలసీమలో ఉర్లగడ్డ అంటారు. పేరులో బంగాళం ఉన్నా ఇది బెంగాలులో పుట్టింది కాదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ అనే పెద్ద కొండలున్నాయి. అక్కడి రైతులు వేల ఏళ్ళ కిందటే దీన్ని సాగు చేశారు. మన దేశానికి ఓడల మీద పోర్చుగీసు వాళ్ళు తెచ్చారు.

ఆ కొండల మీద ఇప్పటికీ ఒక పద్ధతి ఉంది. చలికాలంలో రాత్రి పూట గడ్డల్ని బయట గడ్డి మీద పరుస్తారు. మంచుకు అవి గట్టిగా గడ్డ కడతాయి. పగలు ఎండకు మెత్తబడతాయి. అప్పుడు కాళ్ళతో తొక్కి నీరంతా పిండేస్తారు. మళ్ళీ ఎండబెడతారు. దాన్ని చునో అంటారు. రాయిలాగా ఎండిన ఆ గడ్డ ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది. ముందుగా చేసి పెట్టుకోవడం అనేది ఆ ఆడవాళ్ళకూ అవసరమే అయింది. అయితే వాళ్ళు గడ్డలోని నీరు తీసేసి దాచారు. మనం చేసే కూరలో నీరు అలాగే ఉంటుంది. ఈ తేడా గుర్తుంచుకోవాలి. ముందు ముందు దీనితో పని ఉంది.

గడ్డ ఎట్లాంటిది కొనాలి?

చేతిలోకి తీసుకుంటే గట్టిగా ఉండాలి. మెత్తబడి ముడతలు పడింది వద్దు. కుళ్ళు వాసన వచ్చేది అసలే వద్దు. తొక్క మీద ఆకుపచ్చ రంగు ఉందేమో తిప్పి చూడాలి.

ఆలుగడ్డ మట్టి లోపల పెరుగుతుంది. బయటికి తీశాక వెలుతురు తగిలితే పచ్చబడుతుంది. ఆ పచ్చరంగు విషం కాదు. ఆకులో ఉండే రంగే అది. కానీ వెలుతురు తగిలినప్పుడే గడ్డలో సోలనిన్ అనే విషపదార్థం కూడా పెరుగుతుంది. పచ్చరంగు దానికి గుర్తు. మొలకల్లో కూడా ఇది ఎక్కువ ఉంటుంది. ఎక్కువగా తింటే కడుపునొప్పి, వాంతులు, తలనొప్పి వస్తాయి. ఉడకబెట్టినా, వేయించినా ఈ విషం పోదు. కొంచెం పచ్చగా ఉంటే ఆ భాగం మందంగా కోసి పారేయాలి. చిన్న మొలకలుంటే చుట్టూ లోతుగా తీసేయాలి. గడ్డ చాలావరకు పచ్చబడితే, లేదా వండాక చేదు తగిలితే మొత్తం పారేయాలి. గర్భిణీలకూ చిన్నపిల్లలకూ ఇలాంటివి అసలు పెట్టకూడదు. అంగట్లో తక్కువ ధరకు ఇస్తున్నాడని పచ్చబడ్డ గడ్డలు తెచ్చుకుంటే అది చౌక బేరం కాదు.

ఇంట్లో గడ్డల్ని చీకటిగా, గాలి ఆడే చోట పెట్టాలి. గంపలో పోసి పైన గోనెపట్టా కప్పితే చాలు. ప్లాస్టిక్ సంచిలో మూట కడితే చెమ్మ పట్టి కుళ్ళుతాయి. పచ్చి గడ్డల్ని ఫ్రిజ్‌లో కూడా పెట్టకూడదు. ఆ చల్లదనానికి గడ్డలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. కూర తియ్యగా ఉంటుంది. వేయిస్తే తొందరగా నల్లబడుతుంది.

ఆకు ముద్ద

అరకిలో గడ్డలకు ఒక పెద్ద కట్ట కొత్తిమీర, ఒక గుప్పెడు పుదీనా చాలు. పచ్చిమిరపకాయలు నాలుగైదు. అల్లం బొటనవేలంత. వెల్లుల్లి రెబ్బలు ఆరు. జీలకర్ర ఒక చెంచా. పిల్లలు తినేదయితే మిరపకాయలు తగ్గించుకోవాలి.

కొత్తిమీర కడగడంలోనే చాలామంది తప్పు చేస్తారు. కట్టను కుళాయి కింద పెట్టి ఒకసారి తడిపి తీసేస్తారు. అట్లా చేస్తే మట్టి పోదు. వేర్లు కోసేసి కట్ట విప్పాలి. పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి ఆకు ముంచి కదపాలి. ఆకు పైకి తేలుతుంది. మట్టి అడుక్కి దిగుతుంది. అప్పుడు ఆకును చేత్తో పైకి తీయాలి. గిన్నె వంచి నీళ్ళు పారబోస్తే అడుగున ఉన్న మట్టి మళ్ళీ ఆకు మీదికే వస్తుంది. మూడుసార్లు ఇట్లా చేస్తే ఆకు శుభ్రపడుతుంది. తర్వాత గుడ్డ మీద పరిచి తడి ఆరనివ్వాలి. కాడలు పారేయొద్దు. వాసన, రుచి కాడలో కూడా ఉంటాయి. పుదీనాకు మాత్రం ఆకులే తీసుకోవాలి. దాని కాడ పీచుగా ఉంటుంది.

నూరేటప్పుడు నీళ్ళు పోయకూడదు. మిక్సీ తిరగకపోతే ఒక చెంచా నూనె వేయాలి. రోట్లో అయితే ఉప్పు, జీలకర్ర, మిరపకాయలు ముందు దంచి తర్వాత ఆకు వేస్తే నీళ్ళ అవసరమే రాదు. నీళ్ళు పోసిన ముద్ద ముక్కకు అంటదు. మూకుడులో వేస్తే వేగదు, ఉడుకుతుంది.

నిమ్మరసం ముద్దలో కలపొద్దు. పులుపు తగిలితే ఆకుపచ్చ రంగు పోయి మట్టిరంగు వస్తుంది. నిమ్మకాయ పొద్దున దించేముందు పిండుకోవచ్చు.

ఉడికించడం

గడ్డల్ని మట్టి పోయేదాకా రుద్ది కడగాలి. తొక్కతోనే గిన్నెలో వేసి, మునిగేటట్టు చన్నీళ్ళు పోసి, ఉప్పు వేసి పొయ్యి మీద పెట్టాలి. మరిగే నీళ్ళలో వేస్తే పైన చితికిపోతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. చన్నీళ్ళలో మొదలుపెడితే పైనా లోపలా ఒకేలా ఉడుకుతుంది. మధ్యరకం గడ్డలకు మరుగు వచ్చాక ఇరవై నిమిషాలు పడుతుంది. కత్తి మొన గుచ్చితే దిగాలి. గడ్డ విరిగిపోకూడదు. అంతే చాలు. పొద్దున మళ్ళీ వేగుతుంది కదా.

ఉడికే నీళ్ళలో చింతపండు గానీ నిమ్మరసం గానీ వేయకూడదు. పులుసులో ముక్క ముందే వేస్తే ఎంతసేపటికీ ఉడకదని వంట చేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. పులుపుకు ముక్క బిగుసుకుంటుంది. ఇదీ అదే.

నీళ్ళు వంచేసి గడ్డల్ని పళ్ళెంలో పరచాలి. తొక్క తీసి ముక్కలు కొయ్యాలి. గోరువెచ్చగా ఉండగానే మూడు చెంచాల నూనె, చిటికెడు పసుపు, ఉప్పు వేసి కలపాలి. వెచ్చగా ఉన్నప్పుడు ముక్క ఉప్పును బాగా పట్టుకుంటుంది. పూర్తిగా చల్లారాక ఆకు ముద్ద కలపాలి. వేడి మీద కలిపితే ఆకు రంగు పోతుంది.

మరి పచ్చి ముక్కలకే ముద్ద పట్టించి రాత్రంతా ఉంచితే ఏమవుతుంది? ఉప్పు తగిలి ముక్కల్లోంచి నీరు ఊరుతుంది. మసాలా ఆ నీటిలో తేలుతుంది. ముక్క లోపలికి పోదు. పైగా గాలి తగిలి ముక్కలు నల్లబడతాయి. కాబట్టి ఉడికించాకే పట్టించాలి. చిన్న గడ్డలు కొయ్యకుండా చేస్తే సన్నని పుల్లతో నాలుగు చోట్ల గుచ్చాలి. అప్పుడు మసాలా లోపలికి దిగుతుంది.

రాత్రంతా చల్లగా ఉన్న ముక్కకు ఇంకో లాభం ఉంది. వేడిగా ఉన్నప్పుడు ఆలుగడ్డ పిండి మెత్తగా ఉంటుంది. చల్లబడితే గట్టిపడుతుంది. అందుకే అప్పుడే ఉడికిన ముక్కను వేయిస్తే మెదిగిపోతుంది. రాత్రి ఉడికించి చల్లార్చిన ముక్క విరగకుండా వేగుతుంది. పైన కరకరలాడుతుంది. పెళ్ళి వంటల్లో వేపుడు చేసేవాళ్ళు గడ్డల్ని ముందే ఉడికించి ఆరబెట్టేది ఇందుకే.

రాత్రంతా ఎక్కడ పెట్టాలి?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఫ్రిజ్ ఉన్న ఇంట్లో ఒక పద్ధతి. లేని ఇంట్లో ఇంకో పద్ధతి. రెండూ కలపకూడదు.

ఫ్రిజ్ ఉంటే మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి లోపల ఉంచాలి. ఉడికి దించిన రెండు గంటల్లోపే అది ఫ్రిజ్‌లోకి పోవాలి. పళ్ళెంలో పరిస్తే అరగంటలో చల్లారుతుంది. లోతు గిన్నెలో కుప్పగా ఉంచితే నడుమ గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. మర్నాడే వండేయాలి. రాత్రి నాలుగు గంటలకు మించి కరెంటు పోయి, ఫ్రిజ్ లోపల చల్లదనం పోతే ఆ ముక్కలు వాడొద్దు.

ఫ్రిజ్ లేకపోతే ఉడికిన గడ్డను రాత్రంతా ఉంచకూడదు. ఈ మాట చాలామందికి నచ్చదు. ఒక ఇంట్లో అత్తాకోడళ్ళ మధ్య ఈ మాటే వచ్చిందనుకోండి.

"మా చిన్నప్పుడు ఫ్రిజ్‌లున్నాయా? రాత్రి అన్నం పొద్దున తినలేదా? మాకేమన్నా అయిందా?" అంటుంది అత్త.

"చద్దన్నం వేరు కదా అత్తమ్మా. అందులో నీళ్ళు పోస్తాం. తెల్లారేసరికి పులుస్తుంది" అంటుంది కోడలు.

కోడలు చెప్పింది సరైన మాట. నీళ్ళు పోసిన అన్నంలో పులియబెట్టే సూక్ష్మజీవులు పెరిగి పులుపు పుట్టిస్తాయి. ఆ పులుపులో చెడ్డ సూక్ష్మజీవులు అంత తేలిగ్గా పెరగలేవు. ఉడికిన ఆలుగడ్డ అట్లా పులియదు. అందులో తడి ఉంది. పిండి ఉంది. పులుపు లేదు. వెచ్చని గదిలో సూక్ష్మజీవులకు అది విందు భోజనం.

ఉడికించాక సూక్ష్మజీవులు చావవా అని అడగవచ్చు. చాలావరకు చస్తాయి. కానీ ఆలుగడ్డ మట్టిలోది. మట్టిలో ఉండే కొన్ని సూక్ష్మజీవులు గింజల్లాంటి గట్టి తొడుగులో దాక్కుంటాయి. మరిగే నీళ్ళు కూడా వాటిని చంపలేవు. గడ్డ చల్లారుతుంటే అవి మేలుకుంటాయి. పెరుగుతాయి. వాటిలో కొన్ని విషం వదులుతాయి. పొద్దున మళ్ళీ బాగా వేడి చేస్తే సూక్ష్మజీవి చావవచ్చు. అది వదిలిన విషం అన్నిసార్లూ పోదు. "వేడి చేస్తే పోతుందిలే" అనుకోవడానికి వీల్లేదు. వాసన చూసి చెప్పడానికీ వీల్లేదు. పాడైన కూర అన్నిసార్లూ వాసన రాదు.

అత్త ఊరుకోదు. "అయితే నూనె పైకి తేలేటట్టు పొయ్యి. ఆవకాయ ఏడాది ఉండట్లేదా?" అంటుంది.

ఇది ఇంకా ప్రమాదం. ఆవకాయ నిలవ ఉండేది ఒక్క నూనె వల్ల కాదు. మామిడికాయ పులుపు, బోలెడు ఉప్పు, కారం, ఆవపిండి అన్నీ కలిసి దాన్ని కాపాడతాయి. ఆలుగడ్డ కూరలో అంత ఉప్పు వేస్తే నోట పెట్టలేం. పులుపు లేని తడి ముక్క మీద నూనె పోస్తే గాలి అందదు. గాలి అందని చోటే బాగా పెరిగే ఒక మట్టి సూక్ష్మజీవి ఉంది. దాని విషం నరాల మీద పనిచేస్తుంది. చూపు మసకబారుతుంది. మాట ముద్దగా వస్తుంది. ఊపిరి ఆడదు. ఆ జబ్బును బొట్యులిజం అంటారు. పచ్చి వెల్లుల్లిని నూనెలో వేసి గదిలో ఉంచినా ఇదే భయం.

1994లో అమెరికాలోని ఎల్ పాసో పట్టణంలో ఇట్లాగే జరిగింది. ఒక హోటల్లో ఆలుగడ్డల్ని అల్యూమినియం కాగితంలో చుట్టి కాల్చారు. అట్లా చుట్టే బయట ఉంచి, తర్వాత వాటితో పచ్చడి లాంటిది చేసి వడ్డించారు. 30 మందికి ఈ జబ్బు వచ్చింది. కాగితం చుట్టడంతో గాలి అందలేదు. నూనె కింద ముక్క పరిస్థితీ అదే.

ఫ్రిజ్ లేని ఇంట్లో ఎట్లా?

తడి లేకపోతే సూక్ష్మజీవి పెరగదు. ఆండీస్ కొండల ఆడవాళ్ళు గడ్డలోని నీరు తీసేసింది అందుకే. మనం గడ్డను ఎండబెట్టక్కర్లేదు. మసాలాను ఎండబెట్టుకుంటే చాలు.

కొత్తిమీర, పుదీనా, కరివేపాకు కడిగి, తడి పూర్తిగా ఆర్చి, నీడలో పల్చని గుడ్డ మీద పరచాలి. ఎండలో పెడితే రంగు, వాసన పోతాయి. నలిపితే గలగలమని పొడి కావాలి. చేతికి మెత్తగా తగిలితే ఇంకా ఆరాలి. ముసురు పట్టిన రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు. ఆకు ఎండేలోపు బూజు పడుతుంది. ధనియాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు విడిగా వేయించి చల్లార్చాలి. అన్నీ కలిపి ఉప్పు వేసి పొడి కొట్టాలి. ఎండిన కొత్తిమీరకు పచ్చిదానంత వాసన ఉండదు. ఆ మాట ఒప్పుకోవాలి. అందుకే కరివేపాకు, పుదీనా కొంచెం ఎక్కువ వేసుకోవాలి. వెల్లుల్లి ఇందులో వేయొద్దు. పొద్దున రెండు రెబ్బలు చితక్కొట్టి మూకుడులో వేసుకోవచ్చు.

ఇక రాత్రి చేసే పని కొంచెమే. గడ్డల్ని కడిగి, తుడిచి, తొక్కతోనే పక్కన పెట్టాలి. కోసి నీళ్ళలో వేసి రాత్రంతా ఉంచొద్దు. వేసవిలో ఆ నీళ్ళు నురగ కడతాయి. ముక్కలోని సత్తువ కూడా నీళ్ళలోకి పోతుంది. పొద్దున తొక్క తీసి చిన్న ముక్కలు కోస్తే పది నిమిషాల్లో ఉడుకుతాయి. అన్నం ఒక పొయ్యి మీద ఉడుకుతుండగా ఇది రెండో పొయ్యి మీద అయిపోతుంది. నీళ్ళు వంచి, ముక్కలు ఆవిరి పోయేదాకా రెండు నిమిషాలు ఆరనిచ్చి, నూనెలో వేసి, రెండు చెంచాల పొడి చల్లి తిప్పాలి. మొత్తం మీద అరగంట. ఫ్రిజ్ ఉన్న ఇంటికీ లేని ఇంటికీ తేడా ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ ఎక్కువే. పొద్దుటి పూట ఇరవై నిమిషాల విలువ ఆడవాళ్ళకే తెలుసు. ఇంట్లో మగవాళ్ళు గడ్డల తొక్క తీస్తే ఆ తేడా కూడా ఉండదు. పీలింగ్ కత్తికి ఆడా మగా తేడా తెలియదు.

రెండు పద్ధతుల్లోనూ పొద్దున వేయించేటప్పుడు మూకుడు బాగా కాగాలి. ముక్కలు ఒక వరసగా పరిచి, కాసేపు కదపకుండా వదలాలి. కింద ఎర్రబడ్డాక తిప్పాలి. ఊరికే కలుపుతూ ఉంటే చితికిపోతాయి. లోపలి దాకా పొగలు కక్కేటట్టు వేడెక్కాలి. దించేముందు నిమ్మకాయ పిండాలి.

గిన్నె విషయం ఒకటి ఉంది. ఉప్పూ పులుపూ తగిలే వంటను అల్యూమినియం గిన్నెలో నిలవ ఉంచొద్దు. గిన్నెకు గుంటలు పడతాయి. ఆ లోహం కూరలోకి దిగుతుంది. కళాయి పోయిన ఇత్తడి గిన్నె ఇంకా చెడ్డది. చిలుము పడుతుంది. స్టీలు గానీ గాజు గానీ మంచిది.

పొద్దున కట్టిన డబ్బా మధ్యాహ్నానికి తినేయాలి. చేను గట్టు మీద ఎండలో పెట్టకుండా చెట్టు నీడన, తడిగుడ్డ చుట్టి పెట్టుకుంటే మేలు. సాయంత్రం దాకా మిగిలితే ఇంటికి తెచ్చి పిల్లలకు పెట్టొద్దు.

పొడి సీసా మూత గట్టిగా ఉండాలి. అందులో తడి చెంచా పెట్టొద్దు. ఉడుకుతున్న గిన్నె మీద సీసా వంచి పొడి చల్లకూడదు. ఆవిరి లోపలికి పోయి పొడి ఉండలు కడుతుంది. పొడిని ముందు చిన్న గిన్నెలోకి తీసుకుని, సీసా మూత పెట్టి, తర్వాత కూరలో వేసుకోవాలి. నెల రోజులకు సరిపడా మాత్రమే కొట్టుకుంటే వాసన పోకముందే అయిపోతుంది.